మబ్బులోయలో రొట్టె బాకీ

"రేపు సాయంత్రం ఆరింటికి లోయని మూడు వారాలు వెనక్కి తిప్పేస్తున్నాం," అన్నాడు బాంగ్.

ఆట తయారుచేసే జట్టుకి పెద్ద ఆయన, అందరూ పీడీనిమ్ అని పిలుస్తారు. గురువారం ఉదయం. కొరియాలో, పాంగ్యోలోని ఆ ఆఫీసులో అందరికంటే చిన్న గది అది. నలుగురు కూర్చుంటే అయిదో మనిషి తలుపు బయట నిలబడాలి.

"మూడు వారాలా?" అంది సోల్. "పీడీనిమ్, ఈ మూడు వారాల్లో జనం కట్టుకున్న ఇళ్ళు?"

"పోతాయి."

"వేసిన పంటలు? పెంచుకున్న కుక్కపిల్లలు?"

"సోల్, నాకు లెక్క చెప్పొద్దు. వెనక్కి తిప్పడమంటే ఏమిటో నాకు తెలుసు."

మబ్బులోయ అనేది ఈ ఆఫీసువాళ్ళు తయారుచేసిన ఆట. ఫోన్లో ఆడుకునేది. అందులో చంపుకోవడాలు లేవు, గెలుపు లేదు. వచ్చినవాళ్ళకి ఒక గుడిసె, దాని ముందు కాస్త నేల ఇస్తారు. విత్తనాలు చల్లుకుని, చేపలు పట్టుకుని, అమ్ముకుని, ఆ నాణేలతో గుడిసెని పెంకుటిల్లు చేసుకోవాలి. పెంకుటింటిని మేడ చేసుకోవాలి. అచ్చం బతుకులాంటిదే, కాకపోతే ఇంటి యజమాని ఉండడు.

ఏ ఇల్లు ఎన్నాళ్ళకి రావాలి, ఏ వస్తువు ఎంత పలకాలి అన్నది చూసే పని నామ్‌గుంగ్ సోల్‌ది. ఇల్లు తొందరగా వచ్చేస్తే జనానికి విసుగు పుట్టి వెళ్ళిపోతారు. ఆలస్యమైతే ఒళ్ళు మండి వెళ్ళిపోతారు. ఆ రెంటి మధ్యనున్న సన్నటి దారి మీద లోయని రెండేళ్ళుగా నడిపిస్తోంది ఆమె. ఈ మూడు వారాల్లో ఎక్కడో కాలు జారింది.

బాంగ్ గితె గోడమీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళాడు. లోయలో మొత్తం ఎన్ని నాణేలు తిరుగుతున్నాయో చూపే గీత అక్కడ ఉంది. మొన్నటిదాకా బల్లపరుపుగా ఉన్నది, ఇప్పుడు కొండెక్కుతోంది. బాంగ్ ఎర్ర మార్కర్ తీసి, కింద అడ్డంగా ఇంకో గీత గీశాడు. కోపంలో చెయ్యి గట్టిగా పడి గీత లావుగా వచ్చింది.

"ఇది ఉండాల్సిన చోటు. మనం ఉన్నది అక్కడ పైన. అందరి దగ్గరా డబ్బు పొంగిపోతోంది. సంతలో ధరలు పెట్టేది ఆటగాళ్ళే కాబట్టి చిటికెడు ముల్లంగి విత్తనాలు కూడా బంగారమైపోయాయి. కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే ఏదీ కొనలేక, ఆట తీసేసి పోతున్నాడు. డబ్బు పెట్టిన పెద్ద కంపెనీవాళ్ళు నిన్న ఫోన్ చేశారు. సోమవారానికి ఇది సరికాకపోతే, ఏడాది చివర్లో లోయని మూసేస్తారట."

"ఈ డబ్బు వచ్చిపడుతున్న రంధ్రం ఎక్కడుందో తెలియకుండా వెనక్కి తిప్పితే మళ్ళీ ఇదే జరుగుతుంది కదండీ," అన్నాడు జేహా. ఆఫీసులో అందరికంటే పాత ప్రోగ్రామర్ అతనే. చలి వచ్చినా ఐసు వేసిన కాఫీ తప్ప మరొకటి ముట్టడు.

"అందుకే రేపటిదాకా టైం ఇస్తున్నా. రంధ్రం వెతకండి. ఇంకొకటి, ఈ మాట గడప దాటకూడదు. ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి ఒక్క ముక్క ముందుగా చెప్పినా ఉద్యోగం పోతుంది. వాళ్ళ ఖాతా కూడా పోతుంది. మినహాయింపుల్లేవు."

అలా అంటూ ఆయన ఎవరి వైపూ చూడలేదు. సోల్‌కి మాత్రం తనకోసమే అన్నట్టు అనిపించింది. ఎందుకంటే సోల్ వాళ్ళమ్మ మబ్బులోయలో ఉంటోంది. ఆవిడ పెంకుటిల్లు పోయిన వారమే పూర్తయింది.

వాళ్ళమ్మ యోమ్ మాల్సూన్‌కి అరవై దాటాయి. ఆన్యాంగ్ ఊరి సంతలో బట్టలు సరిచేసే చిన్న కొట్టు. బతుకంతా అద్దె ఇళ్ళే. రెండేళ్ళకోసారి ఒప్పందం అయిపోవడం, యజమాని రేటు పెంచడం, కిటికీకి నిచ్చెన లారీ ఆనించి సామాను దింపడం. ఆ తల్లి తన పేరు మీద గోడ లేపింది ఒక్క మబ్బులోయలోనే. అదీ ఎవరి దగ్గరా ఒక్క నాణెం అడగకుండా, జాకెట్లకి జిప్పులు కుట్టే మధ్యలో, ముల్లంగి తర్వాత ముల్లంగి వేసి.

ఆ ఇల్లు రేపు సాయంత్రం ఆరింటికి మళ్ళీ గుడిసె అవుతుంది.

"ఈ రోజు కూడా వింత ఫిర్యాదులే," అంది బోరమ్ గదిలోంచి బయటికొస్తూ. ఆటగాళ్ళ ఉత్తరాలకి జవాబులిచ్చే అమ్మాయి. సోల్‌ని ఉన్నీ అంటుంది, అక్కా అన్నట్టు. "ఎవరో పెద్దావిడ, ఉన్నీ. 'పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగారు, ఒక్క ముక్క రొట్టె కూడా పంచలేదు, మీ లోయలో పెంపకమే లేదు' అని మూడోసారి రాసింది."

"నువ్వేం రాశావు?"

"'గౌరవనీయులైన వినియోగదారులకు, ఇది సాంకేతిక లోపం కాదు' అని. ఇంకేం రాయను? ఆటలో అసలు రొట్టే లేదాయె!"

సోల్ నవ్వలేకపోయింది.

*

మధ్యాహ్నానికల్లా దొంగ దొరికాడు. దొంగ పేరు టిష్యూ.

"ఇటు చూడు," అన్నాడు జేహా. "ఈ మూడు వారాల్లో ఆటే నడిపే లోయ అంగడి దేనికి ఎక్కువ డబ్బు కట్టిందో తెలుసా? చేపలకి కాదు, పంటలకి కాదు. టిష్యూ చుట్టలకి."

"టిష్యూ ఎవరూ పండించరు కదా, సొన్బే," అంది సోల్. పనిలో తనకంటే పాతవాడని అలాగే పిలుస్తుంది.

"పండించరు. ఇల్లు మారితే వస్తాయి."

సోల్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఇల్లు మారే వీలు మూడు వారాల క్రితమే లోయలోకి వచ్చింది. దాన్ని రాసింది తనే. ఎవరైనా కొత్తచోటికి మారితే గృహప్రవేశం జరుగుతుంది. చుట్టుపక్కలవాళ్ళు తలా ఒక టిష్యూ చుట్ట పట్టుకుని వస్తారు. బయట, కొరియా ఊళ్ళలోనూ అంతేగా! చుట్ట విప్పుకున్నట్టు పనులన్నీ సాఫీగా సాగాలని తెస్తారు. చిన్నప్పుడు ఇల్లు మారిన ప్రతిసారీ ఆ చుట్టల గుట్ట మీద సింహాసనంలా కూర్చునేది సోల్. మారడంలో తనకి గుర్తున్న ఒకే ఒక్క సంతోషం అది.

"మారడానికి ఖర్చెంత పెట్టావు?" అన్నాడు జేహా మెల్లగా. జవాబు అతనికి తెలుసు.

"సున్నా."

"సున్నా ఎందుకు?"

"అమ్మ ప్రతిసారీ నిచ్చెన లారీవాడితో బేరమాడుతుంటే తలుపు చాటునుంచి చూసేదాన్ని, సొన్బే. లోయలోనైనా ఎవరికీ ఆ బాధ ఉండకూడదనుకున్నా."

జేహా కాఫీలో ఐసు ముక్కని స్ట్రాతో తిప్పాడు. "మంచి మనసే. కాకపోతే జనం పన్నెండేసి ఇళ్ళవాళ్ళు జట్టు కట్టి, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి గుండ్రంగా ఇళ్ళు మార్చుకుంటున్నారు. మారిన ప్రతిసారీ చుట్టలు. ఆ చుట్టలు తెచ్చే పక్కింటివాడి జేబులోంచి ఏమీ పోదు, వాటిని ఆటే గాల్లోంచి తీసి ఇస్తుంది. వీళ్ళు అంగడికి అమ్ముకుంటున్నారు. కుళాయి తెరిచి పెట్టావు, తూము పెట్టలేదు."

సోల్ ఆ తెర మీది అంకెల్ని చాలాసేపు చూసింది. దొంగముఠా కాదు, యంత్రాలు కాదు. లోయని ముంచింది తన జాలే.

"పీడీనిమ్‌కి చెప్పాలి," అంది.

"ఆగు. అంగడి టిష్యూ కొనడం ఆపేస్తే కుళాయి కట్టేసినట్టే. కానీ ఇప్పటికే నిండిన నీళ్ళ సంగతేంటి? ఆయన ఎలాగూ వెనక్కి తిప్పుతానంటాడు. తూము సంగతి ఆలోచించి వెళ్ళు."

అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ.

సోల్ మెట్ల దగ్గరికి వెళ్ళి ఎత్తింది. అవతల కుట్టుమిషను చప్పుడు.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధం. తిన్న గొంతు అలా ఉండదు. సరేగానీ, ఆదివారం మా పెంకుటింటి వెనక వంటగది మొదలుపెడుతున్నా. పొయ్యి ఎటు ఉంటే బాగుంటుందంటావు? తూర్పుకా?"

ఆదివారం నాటికి ఆ పెంకుటిల్లే ఉండదని చెప్పకూడదు.

"తూర్పుకే పెట్టు," అంది.

"పెడతా. ఇంకో మాట. మీ కంపెనీలో ఉత్తరాలు చదివే మనిషెవరే? బుర్ర లేదా? మూడుసార్లు రాశాను. మూడుసార్లూ సాంకేతిక లోపం కాదంట! లోపం కాక మరేంటి? పక్కింట్లోకి రోజుకో మొహం దిగుతోంది. పలకరింపు లేదు, ఒక్క పళ్ళెం రొట్టె లేదు. నేను మాత్రం టిష్యూ పట్టుకెళ్ళాలా? నాకు చెప్పకుండా నా చేత తీసుకెళ్ళిపోతోంది మీ ఆట!"

"అది నువ్వా రాసింది?"

"నేను కాకపోతే ఎవరు? ఇల్లు మారినవాళ్ళు ముందు రొట్టె పంచాలి. తర్వాత కదా పక్కవాళ్ళు వచ్చేది? పెట్టకుండా తీసుకునేవాణ్ణి ఏమంటారు?"

"అమ్మా, మనం ఎప్పుడైనా పంచామా?"

మిషను చప్పుడు ఆగింది. "ఎప్పుడైనానా? ఓసి నీ మతిమరుపు మండా! అన్నిసార్లూ పళ్ళేలు మోసింది నువ్వే కదే! తెల్లవారుజామునే లేచి బియ్యప్పిండీ ఎర్రగింజలూ పొరలు పొరలుగా వేసి ఆవిరి పెడితే, వేడివేడిగా నీ చేతికిచ్చి పంపేదాన్ని. సూవన్‌లో నాలుగో అంతస్తు మెట్ల మీద బోర్లాపడి మోకాలు చెక్కేసుకున్నావు. రొట్టె నేల మీద పడిందని ఏడ్చావు గానీ, దెబ్బకి ఏడవలేదు. తర్వాత తర్వాత అపార్టుమెంట్లలో తలుపు తీసేవాళ్ళే లేకపోయారు. నేనూ మానేశాను."

సోల్ ప్యాంటు మీదినుంచే ఎడమ మోకాలు తడుముకుంది. ఆ మచ్చ అక్కడే ఉంది. ఎలా వచ్చిందో ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు. తీసుకున్న చుట్టలు గుర్తున్నాయి, ఇచ్చిన పళ్ళేలు మరిచిపోయింది. ఆచారంలో సగాన్నే లోయలో పెట్టింది.

"అమ్మా, మళ్ళీ చేస్తా," అని పెట్టేసి పరిగెత్తింది.

*

"శిరుతొక్," అన్నాడు బాంగ్. "ఎర్రగింజల రొట్టె. దీంతో లోయని కాపాడతావు?"

"రొట్టె ఆవిరి పెట్టాలంటే కుండ కావాలి. కుండ అంగడిలో కొనాలి. ఒకసారి వండగానే కుండ పగిలిపోతుంది. ఆ నాణేలు లోయలోంచి పోయినట్టే. అదే తూము. గుడిసెవాడికి చిన్న కుండ చాలు, మేడవాడికి పెద్ద కుండ కావాలి. ఎంత పెద్ద ఇల్లుంటే అంత ఖర్చు. గింజలు మాత్రం అంగడిలో దొరకవు, పండించినవాళ్ళ దగ్గరే కొనాలి. కొత్తవాళ్ళ చేతిలో నాలుగు నాణేలు పడతాయి."

"టిష్యూ?"

"రొట్టె తిన్నవాళ్ళే తెస్తారు. తమ అటక మీద ఉన్నదే తెస్తారు. గాల్లోంచి రాదు. అంగడి ఇక కొనదు."

బాంగ్ కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళకింద నల్లటి చారలు. "ఇకమీదట మారేవాళ్ళ సంగతి సరే. ఇప్పటికే పోగేసుకున్నవాళ్ళ సంగతి? వాళ్ళెందుకు తగలేస్తారు? బలవంతం చేస్తావా?"

"చెయ్యను. రొట్టె పంచకుండా మారిన ప్రతి ఇంటి గుమ్మంలో ఒక ఖాళీ పళ్ళెం పెడతాను. అంతే. పంచితే పోతుంది."

"అంతేనా?"

"పీడీనిమ్, మీ గుమ్మంలో అందరూ చూసేలా ఖాళీ పళ్ళెం ఉంటే మీరు ఎన్నాళ్ళు ఊరుకుంటారు?"

బాంగ్ బోరమ్ వైపు చూశాడు, జేహా వైపు చూశాడు. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఆ మాటలేవీ తమకి పట్టనట్టు.

"ఈ రంధ్రం నీదేనన్నమాట," అన్నాడు చివరికి.

"నాదే."

"ఇంకెవడి మీదైనా తోస్తావనుకున్నా." లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి ఎర్రగీత మీద వేలు పెట్టాడు. "రేపు పొద్దున్న లోయలో పెట్టండి. సాయంత్రం ఆరింటికి నాణేల గీత దిగి దీన్ని తాకితే ఇళ్ళు ఉంటాయి. తాకకపోతే తిప్పేస్తా. నాకూ సంతోషం కాదు, సోల్. కానీ మూడు వారాలు పోవడం, మొత్తం లోయ పోవడం, ఈ రెంటిలో ఏది ఎంచుకోమంటావు?"

సోల్ తన బల్ల దగ్గరికి వెళ్ళి కుండల ధరలు రాయడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం పదింటికి లోయలో పళ్ళేలు ప్రత్యక్షమయ్యాయి.

మొదట తిట్లు మొదలయ్యాయి. బోరమ్ ఒక్కొక్కటే చదివి వినిపించింది. "'కంపెనీ రొట్టెలకి అడుక్కునే స్థితికొచ్చిందా?' 'మా మేడ ముందు ముష్టి పళ్ళెం పెడతారా?' ఇదిగో, ఇది బాగుంది ఉన్నీ: 'మా అత్తగారు చూసి, పరువు తీశావు, వెంటనే పంచమని నన్ను తిడుతోంది. ఆవిడకి ఆటంటే ఏమిటో కూడా తెలియదు!'"

"మన పని అయ్యేది ఆ అత్తగార్ల వల్లే," అన్నాడు జేహా.

పదకొండింటికల్లా కుండలు అమ్ముడవడం మొదలైంది. గీత వంగింది. సోల్ ఊపిరి పీల్చుకుంది. కింద కొట్టునుంచి బోరమ్ తెచ్చిన కింబాప్ అన్నపు రోల్‌లో ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అది నమిలేలోపే గీత మళ్ళీ నిలబడిపోయింది.

"ఏమైంది?"

జేహా సంత తెరిచాడు. పైకీ కిందికీ వెతికాడు. మొహం పాలిపోయింది.

"ఎర్రగింజలు లేవు."

"లేకపోవడమేంటి?"

"లేవంటే లేవు. సంతలో ఒక్క గిన్నె కూడా లేదు. మూడు వారాలుగా టిష్యూలు అమ్ముకుని బతుకుతుంటే ఎవడు విత్తుతాడు? చేలన్నీ గడ్డి మొలిచి ఉన్నాయి. ఇప్పుడు విత్తినా చేతికొచ్చేది ఆదివారం."

సోల్ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. తూము తవ్వింది, దానికి రాయి అడ్డం పడింది. జనం కుండలు కొనడం మానేశారు. గింజల్లేకుండా కుండేం చేసుకుంటారు?

తలుపు దగ్గర బాంగ్ నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"ఇందులో కష్టమేముంది? అంగడిలో మనమే గింజలు పెడదాం. ఎన్ని కావాలంటే అన్ని. జేహా, పది నిమిషాల పని."

"వద్దు," అంది సోల్.

"ఏంటి?"

"గాల్లోంచి టిష్యూ తీసి ఇచ్చే కదా ఇంత పని చేశాను? ఇప్పుడు గాల్లోంచి గింజలు తీస్తే, విత్తినవాడికి ఏం మిగులుతుంది? అంగడి ఇస్తుందని తెలిశాక మళ్ళీ ఎవడూ విత్తడు. ఈ రోజు గీత దిగుతుంది. వచ్చే నెల మళ్ళీ ఇదే గదిలో ఇలాగే కూర్చుంటాం."

"సోల్, ఆలోచించే మాట్లాడుతున్నావా? ఇది వద్దంటే ఆరింటికి..."

"తెలుసండీ."

బాంగ్ ఆమెను తేరిపార చూసి వెళ్ళిపోయాడు.

సోల్ ఫోన్ బల్ల మీద బోర్లా పడి ఉంది. అందులో పోయిన వారం అమ్మ పంపిన ఫోటో ఉంది. పెంకుటింటి పక్కన గోదాము, దాని నిండా ఎర్రగింజలు. కింద అమ్మ రాసిన మాట: "చలికాలం జావకి దాచుకున్నా. ధర బాగుందంటున్నారు గానీ అమ్మబుద్ధి కాలేదు."

లోయలో అలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. ఎక్కడికీ మారనివాళ్ళు, టిష్యూల జోలికి పోనివాళ్ళు. వాళ్ళ గోదాములు తెరుచుకుంటే చాలు. ఒక్క ఫోన్. 'అమ్మా, గింజలు సంతకి తియ్యి' అంటే అయిపోతుంది.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ పెట్టేసింది. ఉద్యోగం సంగతి అలా ఉంచినా, అమ్మ ఖాతా పోతుంది. ఇల్లు కాపాడబోయి ఇంటావిణ్ణే వెళ్ళగొట్టినట్టవుతుంది. పైగా తను చెప్తే అమ్మ తీసేది. చెప్పకుండా తీస్తుందా?

ఒంటిగంట దాటింది. గీత కదల్లేదు. సంతలో ఎర్రగింజలు కావాలనే కేకలు తప్ప ఏమీ లేవు. ఎవడో గిన్నెకి మేడ కట్టేంత డబ్బు ఇస్తానన్నాడు. అంత ధర పలికితే ఎవరైనా అమ్మి మేడ కట్టుకుంటారు. నాణేలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతాయి తప్ప లోయలోంచి పోవు. కుండ కొనడానికి ఎవరి దగ్గరా మిగలదు.

"ఉన్నీ," అంది బోరమ్ గొంతు తగ్గించి. "ఆ పెద్దావిడే. ఫిర్యాదులావిడ. ఇంటి ముందు బోర్డు పెట్టింది. రా, చూడు."

తెర మీద పెంకుటిల్లు. ఇంటి పేరు 'కదలనిల్లు'. ముంగిట్లో కర్రకి తగిలించిన పలక.

"ఎర్రగింజలు ఉన్నవి. మనిషికి ఒక గిన్నె. పాత ధరే. ఎక్కువ ఇస్తానన్నవాడికి ఒక్క గింజ కూడా ఇవ్వను. రొట్టె వండాక మొదటి పళ్ళెం నాకు తెచ్చి ఇవ్వాలి. తేనివాడు మళ్ళీ నా గడప తొక్కొద్దు."

సోల్ రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో బోరమ్‌కి అర్థం కాలేదు.

"ఏంటి ఉన్నీ? తెలిసినావిడా?"

"లోయలో అందరికంటే పెంపకం ఉన్నావిడ," అంది సోల్.

కదలనింటి ముందు వరస మొదలైంది. మేడలవాళ్ళు, పన్నెండిళ్ళ జట్లవాళ్ళు, నిన్నటిదాకా పలకరింపు లేకుండా ఇళ్ళు మారినవాళ్ళు, గిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఎవడో వరసలో దూరబోతే వెనకనుంచి తిట్లు పడ్డాయి. మాల్సూన్ ఒక్కొక్కరికీ గింజలు కొలిచి పోసింది. గిన్నె తప్పించి ఇంకో గింజ పడనివ్వలేదు. ఒకడు రెండు గిన్నెలడిగితే, "మీ ఇంట్లో ఏనుగులున్నాయా?" అని రాసింది. దాన్ని జనం లోయంతా తిప్పారు.

గంటలోపే ఇంకో ఇంటి ముందు అలాంటి పలకే లేచింది. తర్వాత మరొకటి. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా మూల గుడిసెల్లో ముల్లంగి వేసుకుంటూ ఉన్నవాళ్ళు, తొందరపడనివాళ్ళు, ఇప్పుడు లోయకి పెద్దమనుషులైపోయారు. అందరిదీ పాత ధరే. ఎక్కువ అడిగినవాళ్ళ ముందు వరస నిలబడలేదు.

కుండలు పగలడం మొదలైంది.

మూడింటికి గీత వంగింది. నాలుగింటికి జారింది. అయిదింటికి కొండ దిగుతున్న సైకిల్లా వచ్చేస్తోంది. లోయంతా ఆవిరి. గుమ్మాల ముందు పళ్ళేలు మాయమవుతున్నాయి. రొట్టె తిన్నవాళ్ళు తమ అటకలు దులిపి టిష్యూ చుట్టలు పట్టుకెళ్తున్నారు. కొత్తగా ఆ రోజే చేరినవాడు ఎవరో బోరమ్‌కి రాశాడు: "ఇంకా ఏమీ చెయ్యకముందే ఏడు పళ్ళేల రొట్టె వచ్చింది. ఇక్కడి మనుషులెప్పుడూ ఇలాగే ఉంటారా?"

అయిదూ నలభై అయిదుకి బాంగ్ వచ్చాడు. బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జేహా అంకె చెప్తుంటే, నీలం మార్కర్‌తో చుక్కలు పెడుతున్నాడు. చుక్క చుక్కకీ ఎర్రగీత దగ్గరవుతోంది. ఆరుకి రెండు నిమిషాలుండగా చివరి చుక్క పెట్టాడు.

అది సరిగ్గా ఎర్రగీత మీద పడింది. పై అంచు మీదా, కింది అంచు మీదా? చెప్పడం కష్టం. నిన్న కోపంలో లావుగా గీసిన గీత అది.

బాంగ్ ముక్కు బోర్డుకి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"ఇంకా కొంచెం పైనే ఉంది," అన్నాడు.

సోల్ కళ్ళు మూసుకుంది.

"పీడీనిమ్," అంది బోరమ్, ఎవరూ అనుకోని ధైర్యంతో. "ఒక మాట చెప్పొచ్చా? లోయ నడిబొడ్డులో ఒక మూడంతస్తుల మేడ ఉంది. దాని గుమ్మంలో ఇంకా ఖాళీ పళ్ళెం ఉంది. ఆ ఇంటి పేరు 'బాంగ్ దొరగారి కోట'."

జేహా ఐసు కాఫీ ముక్కులోకి పోయి దగ్గాడు. బాంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆటని అర్థం చేసుకోడానికి ఆడుతున్నా," అన్నాడు.

"రెండుసార్లు మారారు కదండీ," అంది బోరమ్.

బాంగ్ ఫోన్ తీశాడు. తిట్టుకుంటూ కదలనింటి వరసలో నిలబడ్డాడు. ముందున్న ఇద్దరూ అయ్యేదాకా మిగతా ముగ్గురూ ఆయన భుజం మీదుగా చూశారు. గిన్నె గింజలు కొన్నాడు. అంగడిలో అన్నిటికంటే పెద్ద కుండ కొన్నాడు. ఆవిరి లేచింది. మొదటి పళ్ళెం కదలనింటికి పట్టుకెళ్ళాడు.

అవతలనుంచి వెంటనే జవాబు వచ్చింది. బాంగ్ అది చదివి, ఫోన్ సోల్‌కి చూపించాడు.

"అంత పెద్ద ఇంట్లో ఒక్కడివే ఉంటున్నావా నాయనా? వేళకి తింటున్నావా?"

గోడ గడియారం ఆరు దాటింది. బాంగ్ వెనక్కి తిప్పే ఆదేశం ఉన్న తెర వైపు చూశాడు. తర్వాత తను గీసిన ఎర్రగీతని చూశాడు.

"గీత గీసింది నేను. దాని లావు కూడా నాదే," అన్నాడు. "తాకింది. సోమవారం పెద్ద కంపెనీవాళ్ళతో నేను మాట్లాడతాను. ఇళ్ళు ఉండనీ." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "సోల్, ఈసారి ఎవరిమీదైనా జాలేస్తే ముందు జేహాకి చూపించు."

*

సోల్ మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఏమే, ఈ వేళప్పుడు? ఇంటికి వెళ్ళలేదా?"

"వెళ్తున్నానమ్మా. ఏం చేస్తున్నావు?"

"చావలేక బతుకుతున్నా. ముంగిలంతా పళ్ళేలే. ఇన్ని రొట్టెలొచ్చాయి, పళ్ళేలు ఖాళీగా తిరిగి పంపుతామా? తలా ఒక ముల్లంగి పెట్టి పంపుతున్నా. చేలో ముల్లంగి అయిపోవచ్చింది. పాపం ఎవడో కోటలో ఒంటరిగా ఉంటున్నాడు, వాడికి రెండు పెట్టాను."

సోల్ మెట్ల మీద కూలబడింది. ఎడమ మోకాలు మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మా, గిన్నెకి మేడంత డబ్బు ఇస్తామన్నారు కదా. ఎందుకు అమ్మలేదు?"

"మేడ నాకెందుకు? మెట్లెక్కలేను." కుట్టుమిషను రెండు కుట్లు వేసి ఆగింది. "అయినా అందరూ వెళ్ళిపోతే ఊళ్ళో ఒక్కదాన్నే ఉండి మేడ ఏం చేసుకోను?"

"డిసెంబర్లో నీ అద్దె ఒప్పందం అయిపోతుంది కదా," అంది సోల్. "మళ్ళీ మారాలి కదా."

"మారాలి. ఇది కొత్త సంగతా?"

"ఈసారి రొట్టె వండుదాం. పళ్ళేలు నేను మోస్తాను."

"పిచ్చిదానా, ఆ బిల్డింగుల్లో ఎవరు తలుపు తీస్తారే?"

"తీసేదాకా కొడతాను."

"తీయకపోతే?"

సోల్ నవ్వింది. ఈ రెండు రోజుల్లో మొదటిసారి.

"తీయకపోతే ఫిర్యాదు రాయి. మా బోరమ్ జవాబిస్తుంది."

"ఏమనిస్తుందో నాకు తెలుసులే," అంది మాల్సూన్. మిషను మళ్ళీ గరగరా కదిలింది. "ముందు వెళ్ళి ఏదైనా తిను."